రైలు రాని ఊళ్ళో ఒక నీలం పెట్టె

మా ఊరు ఉప్పలగుప్తం. అమలాపురంలో ఆటో ఎక్కితే అరగంట కూడా పట్టదు. దారంతా కొబ్బరి తోటలు, వరి చేలు, ఆ తర్వాత రొయ్యల చెరువులు. ఇంకా ముందుకెళ్తే ఎస్.యానాం బీచ్. అన్నీ ఉన్నాయి గానీ రైలు లేదు. మా ఊరికే కాదు, అమలాపురానికీ లేదు. రైలెక్కాలంటే రాజమండ్రో, కాకినాడో, పాలకొల్లో పోవాల్సిందే.

అలాంటి ఊరికి మొన్న ఆగస్టులో నేనో రైలు పెట్టె పట్టుకెళ్ళా. బ్యాక్‌ప్యాక్‌లో లాప్‌టాప్ పక్కన, పాత టీషర్టులో చుట్టి. పొడవు 24 సెంటీమీటర్ల చిల్లర. నీలం రంగు. దాంతో పాటు ఒక జిప్ కవరు, అందులో 43 చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలు. కొన్ని మిరియం గింజంత, కొన్ని ఆవగింజకి అన్నలాంటివి. ఏది ఎక్కడ పెట్టాలో చెప్పే కాగితం లేదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, అమ్మినాయనకి కూడా తెలీదు.

మోడల్ రైళ్ళ గురించి తెలియని వాళ్ళకి రెండు మాటలు చెప్తా. ప్రపంచంలో ఎక్కువ మంది వాడే సైజు పేరు హెచ్‌ఓ. అసలు రైలులో 87వ వంతు. మనం చిన్నప్పటి నుంచి ఎక్కిన మామూలు స్లీపర్ పెట్టె ఐసీఎఫ్ రకం. చెన్నై పెరంబూరులో 1955లో మొదలైన ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ పేరే దానికి వచ్చింది. పొడవు దాదాపు 21.34 మీటర్లు. 87తో భాగిస్తే 24.5 సెంటీమీటర్లు. మోడల్‌లో పెట్టె బాడీ, చక్రాలు తయారుగా వస్తాయి. మెట్లు, పట్టుకునే కడ్డీలు, గొట్టాలు, దీపం కొక్కేలు విడిగా ఇస్తారు. వాటిని గుర్తుపట్టి, కోసి, రంగేసి, అతికించుకోవడం మన పని. దీన్నే డీటెయిలింగ్ అంటారు.

అవి లేకపోయినా మోడల్ పట్టాల మీద చక్కగా తిరుగుతుంది. అందుకే అవన్నీ అలంకారం అనుకున్నా. రెండు వారాలు ఫోన్‌లో ఫొటోలు చూసి ఆరు ముక్కలు మాత్రం గుర్తుపట్టా. మిగతా 37 తెలీలేదు.

ఫోన్‌లో అమ్మతో ఈ గోల చెప్తే, "మీ పెదనాన్నని అడక్కూడదూ? ఆయన చేసింది రైల్వేలోనేగా" అంది.

పెదనాన్న రైల్వేలో చేసి రిటైరయ్యారని నాకు తెలుసు. రైల్వేలో ఏం చేసేవారో మాత్రం ఎప్పుడూ అడగలేదు. ఇంట్లో ఎవరూ పెద్దగా చెప్పలేదు కూడా. పెళ్ళి సంబంధాలప్పుడు "మా బావగారు రైల్వే" అనేవాళ్ళు, అక్కడితో ఆగిపోయేది. నేను ఇంజినీరింగ్‌లో సీటు తెచ్చుకున్నప్పుడు ఆయన ఐదొందలు చేతిలో పెట్టి, "బాగా చదువుకో, మాలాగా మసిలో పడకు" అన్నారు. ఆ మసి ఏంటో అప్పుడూ అడగలేదు.

మూడు పాయలు దాటి

రాత్రి హైదరాబాద్‌లో ఎక్కితే తెల్లారేసరికి కొవ్వూరు. అక్కడి నుంచి రాజమండ్రి దాకా గోదావరి మీద ప్రయాణం. పడుకున్న వాళ్ళు కూడా లేచి కిటికీ దగ్గరికి వస్తారు. పక్కనే పాత హేవలాక్ వంతెన కనిపిస్తుంది. 1900లో రైళ్ళు మొదలై, 1997లో దానికి విశ్రాంతి ఇచ్చారు. ఆగస్టు కదా, నీళ్ళు ఎర్రగా, నిండుగా ఉన్నాయి.

రైలు పని అక్కడితో అయిపోతుంది. మిగతాది ఆర్టీసీ బస్సు. రావులపాలెం, కొత్తపేట మీదుగా అమలాపురం. మ్యాప్ తెరిచి చూస్తే కోనసీమ ఎందుకిలా మిగిలిపోయిందో తెలుస్తుంది. తూర్పున గౌతమి, పడమర వసిష్ఠ, మధ్యలో వైనతేయ, కింద సముద్రం. ఎటు నుంచి రావాలన్నా వంతెన కావాలి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొర కూడా రైళ్ళ కంటే కాలువలే మేలని వాదించిన మనిషి. మా వైపు తాతల కాలంలో పడవే బస్సు, పడవే లారీ.

అలాగని రైలు మా గుమ్మం దాకా రాకుండా లేదు. గౌతమికి అవతలి ఒడ్డున కోటిపల్లి ఉంది. కాకినాడ నుంచి అక్కడికి 1928లోనే లైను వేశారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది, పట్టాల ఇనుము కావాల్సొచ్చింది. 1940లో పీకేశారు. మళ్ళీ వేసి రైలు నడిపింది 2004లో. అక్కడి నుంచి నది దాటి అమలాపురం, రాజోలు మీదుగా నర్సాపురం దాకా ఇంకో లైను 2000-01 బడ్జెట్‌లో మంజూరైంది. అమలాపురం ఎంపీ, లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి.బాలయోగి గట్టిగా పట్టుబట్టిన లైను అది. 2002 మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన పోయారు. లైను పొడవు 57.21 కిలోమీటర్లు. మంజూరైనప్పుడు నాకు మూడేళ్ళు. ఇప్పుడు ఇరవయ్యెనిమిది. కోటిపల్లి రేవులో పంటు ఎక్కితే గోదావరిలో దాని స్తంభాలు కనిపిస్తాయి.

"కాళ్ళు దగ్గరగా పెట్టాడేంట్రా?"

పెదనాన్న ఇల్లు మా వీధిలోనే, చివర. వెళ్ళేసరికి వసారాలో పడక్కుర్చీలో ఉన్నారు. నెల కిందటే కుడి కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. నల్లద్దాలు పెట్టుకుని రేడియో వింటున్నారు. మా అక్క కొడుకు, ఆరో తరగతి చదివే బుడతడు, పక్కనే ఫోన్‌లో గేమ్ ఆడుతున్నాడు.

టీషర్టు విప్పి పెట్టెని ఆయన చేతిలో పెట్టా. "ఇదేంట్రా ఇంత ముద్దుగా ఉంది!" అంటారనుకున్నా. ఆయన ఏమీ అనకుండా దాన్ని తిరగేశారు. ఎవరైనా ముందు కిటికీలు చూస్తారు, రంగు చూస్తారు. ఈయన చక్రాలు చూశారు.

"కాళ్ళు దగ్గరగా పెట్టాడేంట్రా?"

నాకు నోట మాట రాలేదు. నిజమే. మన బ్రాడ్ గేజ్ పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19.3 రావాలి. హెచ్‌ఓ పట్టాలు మాత్రం 16.5 మిల్లీమీటర్లే ఉంటాయి. యూరప్, అమెరికాల్లో పట్టాల మధ్య 1435 మిల్లీమీటర్లు, దాని లెక్క అది. మన రైళ్ళ మోడల్స్ చేసేవాళ్ళు కూడా దొరికే పట్టాల కోసం ఆ కొలతకే సర్దుకుంటారు. తేడా మూడు మిల్లీమీటర్లు కూడా లేదు. ఒంటి కన్నుతో, నల్లద్దాల్లోంచి, ఐదు సెకన్లలో పట్టేశారు.

"ఈ బోగీ తాతయ్యా, హైదరాబాద్ నుంచి తెచ్చాడు మావయ్య" అన్నాడు బుడతడు.

"బోగీ అంటే ఇది కాదురా. ఇదిగో, కింద చక్రాలు బిగించిన ఈ చట్రం ఉంది చూడు, అదీ బోగీ. పెట్టెకి రెండు బోగీలుంటాయి. పైనుండేది కోచ్. ఊరంతా తప్పే అంటారు, నువ్వు అనకు."

ఆ సాయంత్రానికల్లా వాడు వీధిలో అందరినీ సరిదిద్దడం మొదలెట్టాడు.

"అసలు మీరు ఏం చేసేవారు పెదనాన్నా?" అని అప్పుడు అడిగా. ఇరవయ్యెనిమిదేళ్ళకి.

"క్యారేజ్ అండ్ వ్యాగన్‌లో ఫిట్టర్ని. బండి డిపోకి రాగానే కిందకి దూరి చూసేవాళ్ళం. బ్రేకు అరిగిందా, బోల్టు వదులైందా, గొట్టం కారుతుందా. సరిచేసి పంపడం. అంతే."

పళ్ళెంలో 43 ముక్కలు

దొడ్డమ్మ స్టీలు పళ్ళెం ఇచ్చింది. అందులో తెల్ల తువ్వాలు పరిచి ముక్కలు పోశాం. పళ్ళెం అంచు ఉంటే దొర్లి పోవు, తెల్ల గుడ్డ మీద నల్ల ముక్కలు కనిపిస్తాయి. అయినా పెదనాన్న కంటికి అవి నలకలే. బుడతడు ఐడియా ఇచ్చాడు. ఫోన్ కెమెరా జూమ్ పెట్టి ఒక్కో ముక్క మీద పట్టుకున్నాడు. స్క్రీన్ మీద అది బొటనవేలంత అయింది. ఆయన స్క్రీన్ చూసి చెప్పడం, నేను లాప్‌టాప్‌లో రాసుకోవడం.

రెండు గొట్టపు తొట్లున్నాయి, ఒకటి పెద్దది, ఒకటి బుల్లిది. నేను నీళ్ళ ట్యాంకులని రాసుకున్నవి.

"నీళ్ళు పైనుంటాయిరా, బాత్రూముల నెత్తిన. కిందుండేది గాలి. బ్రేకుకి కావాల్సిన గాలి ఇందులో నిలవుంటుంది."

డ్రమ్ములా ఉన్న ఇంకో ముక్క. ఇంజిన్ మోటారేమో అనుకున్నా.

"పెట్టెకి మోటారెందుకు? ఇది ఆల్టర్నేటర్. ఇరుసు తిరిగితే బెల్టు మీద ఇది తిరుగుతుంది. 110 వోల్టులు. నీ లైటు, నీ ఫ్యాను అన్నీ దీని మీదే. పెట్టెకి ఒక్కటే, ఒక బోగీ దగ్గరే ఉండాలి. ఆ పక్కన పెద్ద డబ్బా బ్యాటరీది. బండి ఆగినప్పుడు లైట్లు దాంతో వెలుగుతాయి."

పెట్టె చివరి గోడకి పెట్టాల్సిన చిన్న మీట లాంటిది ఒకటుంది. అది చైను లాగితే పని చేసేదట. లోపల చైను లాగగానే ఆ చివర ఉన్న వాల్వు తెరుచుకుని బ్రేకు గొట్టంలో గాలి బయటికి పోతుంది.

"ఎవరు లాగారో ఎలా తెలుస్తుంది తాతయ్యా?"

"ఎవరో తెలీదు. ఏ పెట్టెలోనో తెలుస్తుంది. బుస్సుమని శబ్దం వస్తుంది. గార్డు ఆ పెట్టె దగ్గరికెళ్ళి మళ్ళీ బిగిస్తేగానీ బండి కదలదు."

ఎల్‌వీ అని రాసిన చీమ తలకాయంత పలక దొరికింది. లాస్ట్ వెహికల్. బండి దాటిపోయేటప్పుడు స్టేషన్ వాళ్ళు చూసేది దాని కోసమే. అది కనిపిస్తే బండి మొత్తం వచ్చేసినట్టు. కనిపించకపోతే మధ్యలో పెట్టెలేవో తెగి వెనక పట్టాల మీద మిగిలిపోయాయేమో అన్న అనుమానం. అది తేలేదాకా ఆ దారిలోకి ఇంకో బండిని వదలరు. చిన్నప్పుడు నేను రైలు చివర ఆ అక్షరాలు చూసి ఏదో పెట్టె నంబరు అనుకునేవాణ్ణి.

గంటన్నరలో 37 తెలియని ముక్కల్లో 33 తేలిపోయాయి. నాకొకటి అర్థమైంది. నేను రెండు వారాలు ఆకారం బట్టి వెతికా. ఫొటోలో ఏ ముక్క దీనిలా ఉంది అని. పెదనాన్న ఒక్కసారి కూడా అలా చూడలేదు. ఇది ఏం పని చేస్తుంది అని చూస్తారు. పని తెలిస్తే చోటు దానంతటదే తెలిసిపోతుంది. గాలి దాచేది బ్రేకు దగ్గర, ఇరుసుతో తిరిగేది ఇరుసు దగ్గర, గార్డుకి కనిపించాల్సింది బయటికి.

లావు గొట్టం, సన్న గొట్టం

మిగిలిన నాలుగూ గొట్టాలే. రెండు లావుగా, అడ్డంగా మడతలున్నవి. రెండు సన్నవి. అవన్నీ బఫర్ల మధ్య వేలాడేవని నాకూ తెలుసు. చోటు చాల్లేదు కాబట్టి ఏవి ఎలా పెట్టాలో తెలీక ఆగిపోయా.

పెదనాన్న స్క్రీన్ వంక చూసి చాలాసేపు మాట్లాడలేదు.

"ఈ లావుది వ్యాక్యూమ్ గొట్టం. నేను చేరినప్పుడు అన్నీ ఇవే. సన్నవి ఎయిర్ బ్రేకువి. రెండు రకాలూ ఒకే పెట్టెకి పెట్టకూడదు. నీ పెట్టె రంగేంటి?"

"నీలం."

"అయితే సన్నవే."

రంగుకీ బ్రేకుకీ ఏంటి సంబంధం? ఉంది. ఒకప్పుడు మన పెట్టెలన్నీ ముదురు ఇటుక రంగు. వ్యాక్యూమ్ బ్రేకు నుంచి ఎయిర్ బ్రేకుకి మారుతున్న రోజుల్లో, 1990లలో, ఎయిర్ బ్రేకు పెట్టెలకి నీలం వేయడం మొదలెట్టారు. రెండు రకాల పెట్టెల్ని కలిపి బండి కడితే బ్రేకులు పని చెయ్యవు. దూరం నుంచే తేడా తెలియాలి కాబట్టి ఆ రంగు. మన తరం వాళ్ళకి రైలంటే గుర్తొచ్చే ఆ నీలం ఎవరో అందం కోసం ఎంచుకున్నది అనుకుంటాం. అది పని చేసేవాళ్ళ కోసం పెట్టిన గుర్తు.

సన్న గొట్టాలు రెండెందుకంటే, ఒకటి బ్రేక్ పైపు, ఒకటి ఫీడ్ పైపు. బ్రేక్ పైపులో చదరపు సెంటీమీటరుకి 5 కిలోల ఒత్తిడి, ఫీడ్ పైపులో 6. నేను పాతికేళ్ళు రైలెక్కుతూ గాలి నొక్కితే బ్రేకు పడుతుందనుకున్నా. ఉల్టా. గాలి నిండుగా ఉంటే బ్రేకు వదిలేస్తుంది, గాలి తగ్గితే పట్టుకుంటుంది. పెట్టె తెగిపోయినా, గొట్టం ఊడినా, చైను లాగినా గాలి పోతుంది, బండి ఆగుతుంది. పాత వ్యాక్యూమ్‌లోనూ అంతే. గొట్టం ఊడితే బయటి గాలి లోపలికి దూరి బ్రేకు పడుతుంది.

మా ఆఫీసులో ఇలాంటి దాన్ని ఫెయిల్ సేఫ్ అంటాం. ఏదైనా పాడైతే సిస్టమ్ ప్రమాదం లేని వైపు పడాలి అని డిజైన్ డాక్యుమెంట్‌లో రాస్తాం. నేను రాసినవి కూడా ఉన్నాయి. పెదనాన్నకి ఆ మాట తెలీదు. ఆయన రోజూ రాత్రి టార్చి పట్టుకుని ఆ గొట్టాల కింద పడుకున్నారు.

"ఇరుసు పెట్టె వేడెక్కిందేమో అని ఇలా చూసేవాళ్ళం" అని అరచెయ్యి తిప్పి, వెనక వైపు గాల్లో ఆనించి చూపించారు. తర్వాత మామూలుగానే అన్నారు, "ముప్పై అయిదేళ్ళు చేశాను. నేను చూసి పంపిన బండి ఒక్కటీ పేపర్లో పడలేదు."

నాకేం అనాలో తెలీలేదు. "కాఫీ తాగుతారా పెదనాన్నా?" అన్నా.

కిటికీలు తెల్లబడ్డాయి

మర్నాడు అతికించడం మొదలెట్టాం. ఇక్కడ నా తప్పుల వల్ల మీకు ఉపయోగం ఉండొచ్చు, కాబట్టి దాచకుండా చెప్తా.

ముక్కలన్నీ ఫ్రేమ్ నుంచి ఒకేసారి కోసెయ్యకండి. ఏది పెడుతున్నామో అదొక్కటే కొయ్యాలి. నెయిల్ కట్టర్ చాలు, కాస్త దూరంగా కోసి తర్వాత సాపు చెయ్యాలి. గమ్ రాయకముందు వట్టిగా పెట్టి చూడాలి. రంధ్రం ఇరుకైతే చేత్తో తిప్పే అర మిల్లీమీటరు డ్రిల్ ఉంటుంది, దాంతో సరిచెయ్యాలి గానీ ముక్కని తొయ్యకూడదు. నేను తోశా. ఒక కడ్డీ పుటుక్కుమంది.

గమ్ ట్యూబ్‌తో నేరుగా పెడితే ముక్క కంటే గమ్ ఎక్కువైపోతుంది. టూత్‌పిక్ వాడదామంటే ఇంట్లో లేవు. పెదనాన్న చీపురులోంచి కొబ్బరి ఈనె లాగి, కొసని చాకుతో చెక్కి ఇచ్చారు. అంతకంటే మంచి పనిముట్టు నేను ఆన్‌లైన్‌లో చూడలేదు. సన్నగా ఉంటుంది, వంగుతుంది గానీ విరగదు.

అసలు దెబ్బ సాయంత్రం తగిలింది. మెట్లు, కడ్డీలు చప్పున అంటుకునే సూపర్ గమ్‌తో పెట్టి, దుమ్ము పడకూడదని పెట్టెని మూత ఉన్న డబ్బాలో పెట్టా. గంట తర్వాత తీస్తే నాలుగు కిటికీలు పాలపొర కట్టినట్టు తెల్లగా అయిపోయాయి. ఆ గమ్ ఆరేటప్పుడు ఆవిరి వస్తుంది. గాల్లో తేమ ఎక్కువుంటే అది దగ్గర్లోని అద్దాల మీద తెల్లగా పేరుకుంటుంది. కోనసీమ, ఆగస్టు, పైగా మూసిన డబ్బా. ఇంతకంటే బాగా చెడగొట్టడం ఎవరి వల్లా కాదు. అద్దాల దగ్గర తెల్ల జిగురు వాడాలి, గాలి ఆడేలా ఉంచాలి. నాకు హైదరాబాద్‌లో ఇది తెలిసిన విషయమే. తొందర.

బట్టతో తుడిచా. గీతలు పడ్డాయి. పెట్టె పాడైపోయిందని మొహం వేలాడేసుకుని కూర్చున్నా. బయట వాన మొదలైంది. పెదనాన్న వచ్చి పెట్టె చూసి, బయట వాన చూసి, నవ్వారు.

"వానొస్తే ప్యాసింజర్లు ఏం చేస్తార్రా?"

షట్టర్లు దించేస్తారు. అంతే. పాత పెళ్ళి శుభలేఖ మందం కాగితం కత్తిరించి, స్కేలుతో అడ్డగీతలు నొక్కి, బూడిద రంగేసి ఆ నాలుగు కిటికీల లోపల తెల్ల జిగురుతో అంటించాం. పాడైపోయిన వైపే ఇప్పుడు నిజం రైలులా కనిపిస్తుంది. సగం కిటికీలు తీసి, సగం మూసి.

బఫర్లు పెట్టాక పెదనాన్న ఆగమన్నారు. "ఎత్తు చూడు. ఖాళీ పెట్టెకి 1105 దాటకూడదు. నిండితే 1030కి తగ్గకూడదు." రిటైరై పదేళ్ళు దాటింది. లెక్కేస్తే 1105ని 87తో భాగిస్తే 12.7. పట్టాల మీద పెట్టి స్కేలు ఆనించా. పన్నెండున్నర.

"ఫిట్" అన్నారు.

నర్సాపురం దాకా

గొట్టాలు ఇంకా పెట్టలేదు. ఏది లోపలి వైపు, ఏది బయటి వైపు, ఎంత వంపు అని అడిగితే ఆయన నోటితో చెప్పలేకపోయారు. "చేతికి తెలుసురా, చెప్పడానికి రావట్లేదు. ఒక్కసారి చూస్తే చాలు" అన్నారు. ఆదివారం పొద్దున్నే నేను, ఆయన, బుడతడు కారు మాట్లాడుకుని నర్సాపురం బయల్దేరాం. అక్కడ లైను ఆఖరు. బండ్లు కాసేపు నింపాదిగా నిలబడి ఉంటాయి.

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే అవతలే నర్సాపురం. కానీ గోదావరికి వరద నీరు, పంటు ఆపేశారు. చుట్టు తిరిగి వెళ్ళాం. అమలాపురం, బోడసకుర్రు దగ్గర వైనతేయ వంతెన, రాజోలు, దిండి, చించినాడ వంతెన మీద వసిష్ఠ, పాలకొల్లు, నర్సాపురం. రైలు వస్తే ఇంచుమించు ఈ దారినే వస్తుంది. ఏ పాయ దాటుతున్నా పెదనాన్న కిటికీ అద్దం దించి నీళ్ళ వంక చూశారు.

ప్లాట్‌ఫామ్ టికెట్లు తీసుకుని లోపలికెళ్ళాం. నీలం పెట్టెల బండి ఒకటి నిలబడి ఉంది. పెదనాన్న నల్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు. డాక్టర్ వద్దన్నారు, అయినా తీశారు. చివరి పెట్టె దాకా నడిచాం. ప్లాట్‌ఫామ్ అంచు నుంచే గొట్టాలు కనిపిస్తున్నాయి. మసి కొట్టుకుపోయినా, కాస్త చూస్తే ఒకదాని మూతి మీద ఆకుపచ్చ, ఇంకోదాని మీద తెలుపు రంగు తెలుస్తోంది.

"ఆకుపచ్చ బ్రేకుది. తెల్లది ఫీడుది. చీకట్లో తప్పు గొట్టానికి తప్పు గొట్టం తగిలించకూడదని" అన్నారు. అర మిల్లీమీటరు మందం ప్లాస్టిక్ ముక్కకి రెండు రంగులు ఎందుకెయ్యాలో నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

బుడతడు ఫొటోలు తీశాడు. చివర్లో ఎల్‌వీ పలక చూసి, "తాతయ్యా, బండి మొత్తం వచ్చేసింది!" అని అరిచాడు. చుట్టుపక్కల వాళ్ళు తిరిగి చూశారు. పెదనాన్న మాత్రం పెట్టె కిందకి వంగి చూస్తున్నారు. బ్రేకు దిమ్మ ఒకటి చూపించి, "ఇంకో నెల రావచ్చు" అన్నారు, తనలో తను.

658 మీటర్లు

ఆ రాత్రి గొట్టాలు పెట్టేశాం. ఆకుపచ్చ చుక్క, తెల్ల చుక్క ఆయనే పెట్టారు, ఈనె కొసతో. చెయ్యి కాస్త వణికింది, రెండోసారికి కుదిరింది. ఎల్‌వీ పలక బుడతడు అంటించాడు.

పడుకునే ముందు వాడడిగాడు. కోటిపల్లి నుంచి నర్సాపురం దాకా లైనుంది కదా, అది మన బొమ్మ రైలు సైజులో ఎంతుంటుంది? 57.21 కిలోమీటర్లని 87తో భాగించా. 658 మీటర్లు. వాడు ఫోన్‌లో మ్యాప్ తీసి కొలిచాడు. పెదనాన్న ఇంటి గుమ్మం నుంచి మా ఇల్లు దాటి, కాలువ మీద వంతెన దాకా. తెల్లారి వాడూ, పెదనాన్నా ఆ దూరం నడిచొచ్చారు. పది నిమిషాలు పట్టిందట. నేను పుట్టిన మూడేళ్ళ నుంచి కోనసీమ ఎదురు చూస్తున్నది ఆ పది నిమిషాల దూరానికి 87 రెట్లు.

వాడని రెండు లావు గొట్టాలు పళ్ళెంలో మిగిలాయి. పారేద్దామని కవర్లో వేస్తుంటే పెదనాన్న చెయ్యి చాపారు. "అవి నాకిచ్చెయ్." కళ్ళద్దాల డబ్బా తెరిచి, గుడ్డ కింద పెట్టి మూసుకున్నారు.

పెట్టెని నేను హైదరాబాద్ తీసుకెళ్ళలేదు. ఆయన వసారాలో, అద్దాల బీరువాలో, రెండడుగుల పట్టాల మీద ఉంది. దాని పక్కన ఇంజిన్ కూడా లేదు. నేను వచ్చిన రెండు వారాలకి ఫోన్ చేశారు. మామూలుగా ఆయన నాకు ఫోన్ చెయ్యరు. మూడో కిటికీ షట్టర్ ఊడిందట, ఈనె పుల్లతో ఆయనే అంటించారట.

"సంక్రాంతికి వస్తావుగా?"

"వస్తా పెదనాన్నా."

"వచ్చేటప్పుడు గార్డు పెట్టె దొరుకుద్దేమో చూడు. స్లీపర్‌కి ఎల్‌వీ తగిలించి ఎన్నాళ్ళుంచుతాం? ఎవరైనా చూస్తే బాగోదు."